నాణేలు చూసిపెట్టే సారు

పోయిన నెల కరీంనగర్‌లో, నేను కూర్చునే పార్సిల్ కౌంటర్ ముందుకు ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ డబ్బీ, అందులో ఒక బంగారు నాణెం. ఇన్సూరెన్స్ చేసి పంపాలన్నాడు. ఫారం నింపుతూ గొణుగుతున్నాడు.

"దీనికి గ్రేడు అరవై రెండు ఇచ్చిన్రు మేడం. నా లెక్కన అరవై అయిదుకు తక్కువ లేదు. అందుకే మళ్ళ పంపుతున్న. ఈసారన్న సక్కగ చూడనీ."

రసీదు కొడుతూ, ఆలోచించకుండానే అడిగేశాను. "నువ్వు లైటు కింద చూసినవా, ఎండల చూసినవా?"

అతను రాయడం ఆపి తలెత్తాడు. "గీ మాట మీకెట్ల తెలుసు? ఇది నస్పూర్ సారు మాట."

"మంచిర్యాలలో పనిచేసినప్పుడు తెలుసు. ఎట్లున్నరు సారు?"

"అయ్యో, మీకు తెల్వదా? వానకాలంల పోయిండు మేడం. మా నాణేల గ్రూపుల పెట్టిన్రు."

అతని వెనక లైనులో ఇంకా ఏడుగురున్నారు. రసీదు చింపి ఇచ్చాను. తర్వాతి మనిషి పార్సిల్‌ను కాటా మీద పెట్టాను. బరువు రెండుసార్లు తప్పు కొట్టి, రెండుసార్లు సరిదిద్దుకున్నాను.

మంచిర్యాల పోస్టాఫీసులో ఏడేళ్ళున్నాను. ఆ ఏడేళ్ళలో నెలకు ఒకసారైనా ఆయన నా కౌంటర్‌కు వచ్చేవారు. సన్నటి మనిషి. పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. గోళ్ళ మూలల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని నలుపు. బొగ్గు గనుల లాబ్‌లో బొగ్గు పరీక్ష చేసి రిటైరయ్యారు. వ్యాగన్లలోంచి తీసిన బొగ్గును దంచి, జల్లించి, కాల్చి, బూడిద తూచి, ఇది ఫలానా గ్రేడు అని కాగితం రాయడం ఆయన పని. ఆ కాగితం మీదనే ధర. నింపినవాళ్ళకు ఒక గ్రేడు కనబడేదట, దించుకున్నవాళ్ళకు ఇంకోటి. ఇద్దరూ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడేవారట.

"ముప్పయి ఏండ్లు గదే పంచాయితి బిడ్డా. ఇద్దరికీ నేనంటే పడకపోయేది" అనేవారు. అందులో గర్వం ఉండేది కాదు. దూరం నడిచొచ్చిన మనిషి కాళ్ళు నొప్పులని చెప్పినట్టు చెప్పేవారు.

రిటైరయ్యాక నాణేల్లో పడ్డారు. నిజాం కాలపు అష్రఫీలంటే ఆయనకు ప్రాణం. చార్మినార్ బొమ్మ ఉన్న బంగారు నాణేలు. సొంతానికి ఉన్నవి మూడే. మిగతావన్నీ ఊళ్ళవాళ్ళవి. ఎవరింట్లోనైనా పాత బిళ్ళ బయటపడితే, నస్పూర్‌లో ఒక సారు ఊరికే చూసిపెడతాడట అని పట్టుకొచ్చేవారు. మంచి నాణెమనిపిస్తే ఆయనే గ్రేడింగ్ ఆఫీసుకు పంపించేవారు. ఆ ఆఫీసు చాలా దూరం. అక్కడ డెబ్బైకి ఇన్ని అని మార్కులేసి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, పైన నంబరు రాసి తిప్పి పంపుతారు. ఆ నంబరును బట్టి ఒకే బంగారానికి ఒక్కో ధర.

ఆయన చూసే తీరు వేరు. కరెంటు లైటు కింద నాణెం చూసేవారు కాదు. పోస్టాఫీసు వరండాలో, తూర్పు వైపు స్తంభం పక్కన, పది గంటల ఎండ పడే చోట నిలబడేవారు. ముందు చేతులు తుడుచుకునేవారు. నాణేన్ని అంచుల మీద రెండు వేళ్ళతో పట్టి, ఎండకు అటు కొంచెం, ఇటు కొంచెం వాల్చేవారు. ఎవరైనా మధ్యలో బొటనవేలు పెట్టబోతే, "జర ఆగు. గది నీ వేలిముద్రకు పుట్టలే" అనేవారు.

పార్సిల్ గుడ్డ కుట్టి లక్క సీలు వేసే ముందు ఇంకో పని చేసేవారు. చిన్న చీటీ మీద తన గ్రేడు రాసి, కవర్లో పెట్టి అంటించి, నాకిచ్చేవారు. "నీ సొరుగుల ఉంచు బిడ్డా. నా దగ్గరుంటే నేను దిద్దుకుంట." రెండు నెలలకో మూడు నెలలకో పార్సిల్ తిరిగొచ్చేది. ఇంటికి తేనిచ్చేవారు కాదు, ఫోన్ చేయమనేవారు. వచ్చి, నా ముందే పార్సిల్ విప్పి, నా సొరుగులోని కవర్ చింపమనేవారు.

మొదటిసారి నేను చింపినప్పుడు ఆయన రాసింది యాభై అయిదు. డబ్బీ మీద యాభై ఎనిమిది. నాకు సంబరమైంది. "సార్, మూడు ఎక్కువచ్చినయి!"

ఆయన మొహం మాడిపోయింది. "ఎక్కువచ్చినా తప్పే గద" అన్నారు. ఆ రోజే అక్కడే కూర్చుని గ్రేడింగ్ ఆఫీసుకు ఉత్తరం రాశారు. నా నాణేనికి మీరు మూడు ఎక్కువ ఇచ్చారు, మళ్ళీ చూడండి అని. అట్లాంటి ఉత్తరం వాళ్ళకు ఇంకెవరైనా రాసి ఉంటారని నేననుకోను. జవాబు రాలేదు. ఆరు నెలలు చూసి, వరండాలో కూర్చుని, కటింగ్ ప్లేయరుతో డబ్బీ పగలగొట్టి, అదే నాణేన్ని మళ్ళీ పంపారు. ఈసారి అరవై ఒకటి వచ్చింది.

అరవై అనేది నాణేలవాళ్ళకు ఒక గీత. అరవై, ఆపైన వస్తే ఆ నాణెం టంకశాల నుంచి వచ్చాక ఎవరి చేతా ఖర్చు కాలేదని. అరవైలోపైతే చేతులు మారిందని.

"ఒకపారి చేతులు మారిందన్నరు, ఒకపారి మారలేదన్నరు" అన్నారాయన, డబ్బీని బల్ల మీద పెట్టి. "అదే బిళ్ళ. అదే ఆఫీసు. నడిమిట్ల ఏం మారింది బిడ్డా?"

కరీంనగర్‌లో నెలకోసారి నాణేలవాళ్ళు కూడేవారు. వాళ్ళు ఆయనను చూసి నవ్వారట. ఎక్కువ నంబరొచ్చేదాకా పంపుతనే ఉండాలె సారూ, అందరం గదే చేస్తున్నం అన్నారట. ఆయన ఆ నెల కొట్లాడి వచ్చారు. తరువాతి నెల మళ్ళీ వెళ్ళారు. వాళ్ళతో పడేది కాదు, వాళ్ళు లేకుండా ఉండగలిగేవారూ కాదు.

ఆ రోజుల్లోనే ఖానాపూర్ నుంచి ఒకామె వచ్చింది. ఆమె తమ్ముడు నస్పూర్‌లో గని కార్మికుడు, ఆయన ఇంటి పక్కనే ఉండేవాడు. భర్త దుబాయిలో. ఊళ్ళో రెండెకరాలు. చనిపోయిన అత్త దాచిన అష్రఫీ ఒకటి ఉంది, అమ్మి రెండు బర్రెలు కొనుక్కోవాలని ఆమె కోరిక. గ్రేడు తెప్పిస్తే మంచి ధర వస్తుందని తమ్ముడు చెబితే, సారుతో కలిసి పోస్టాఫీసుకు వచ్చింది. నాణెం రుమాల్లో నాలుగు మడతల లోపల ఉంది.

ఆయన వరండాలోకి తీసుకెళ్ళి చూశారు. చాలాసేపు చూశారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పైఅంచు దగ్గర ఆగిపోయారు.

"ఈడ రింగు అతికిచ్చి తీసిన్రు. మెడల ఏసుకున్న బిళ్ళ ఇది. అరగదీసి మరుగు చేసిన్రు గని, రంగు చూడు, జర తేడా ఉన్నది. పంపితే దెబ్బతిన్న బిళ్ళ అని రాసి తిప్పి పంపుతరు. ఫీజు దండగ."

"లే కాకా. మా అత్త ఎన్నడూ మెడల ఎయ్యలే. వడ్ల గుమ్మిల దాచింది. ఆమెనే చెప్పింది నాకు."

"నీకు తెల్వది బిడ్డా. అంచు చెప్తున్నది."

ఆమె నాణేన్ని మళ్ళీ నాలుగు మడతల్లో పెట్టుకుంది. తరువాతి వారం కరీంనగర్‌లో ఒక వ్యాపారికి బంగారం ధర మీద కొంచెం వేసి అమ్మేసింది. ఒక బర్రెకు సరిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున, కౌంటర్ తెరవకముందే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో పార్సిల్ లేదు.

"ఆ ఖానాపూర్ బిడ్డ బిళ్ళ కండ్ల బడ్డది" అన్నారు.

ముందటి రోజు కరీంనగర్ మీటింగులో ఎవరో కొత్తగా కొన్న అష్రఫీ చూపించారట. డబ్బీలో ఉంది. అరవై మూడు. బంగారం ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నాడట అతను. ఎడమ మినారు కింద వెంట్రుకంత గీత చూసి ఆయన గుర్తుపట్టారు. అడిగి తీసుకుని, మేడ మీది ఎండలో గంటసేపు చూశారు. కానీ డబ్బీలో నాణేన్ని పట్టి ఉంచడానికి చుట్టూ తెల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది. రింగు ఆనవాలు ఉందనుకున్న చోటు సరిగ్గా దాని కింద పడింది.

"ఒక్కపారి పగలగొట్టి చూద్దామన్న. నవ్విండు. అరవై మూడును ఎవడు పగలగొడ్తడు సారూ అన్నడు. ఆయన తప్పేం లేదు."

"మరి మీరేమనుకుంటున్నరు?"

"గదే తెలుస్తలేదు. రాత్రంత కండ్లు మూసుకొని గా అంచే చూస్తున్న. ఒకపారి రంగు తేడా కనబడుతది, ఒకపారి కనబడదు." మెట్ల మీంచి లేచి, "ఖానాపూర్ పోవాలె బిడ్డా. ఆమె మొగడు ఇంట్ల ఉండడు. నేనొక్కన్నే పోతే బాగుండదు. నువ్వు రా జర" అన్నారు.

ఆ ఆదివారం వెళ్ళాం. లక్సెట్టిపేట, జన్నారం దాటి టేకు చెట్లు మొదలయ్యాక, "బొగ్గుకైతే మళ్ళ శాంపిల్ తీయొచ్చు" అన్నారు. అంతే.

ఆమె దొడ్లో గడ్డి కోసుకొచ్చి బర్రెకు వేస్తోంది. మమ్మల్ని చూసి చెంబుతో నీళ్ళిచ్చింది, మంచం వాల్చింది. నేను కూర్చున్నాను. ఆయన కూర్చోలేదు.

"నీ బిళ్ళకు అరవై మూడు వచ్చింది బిడ్డా. కొన్నోళ్ళు పంపిన్రు. మస్తు ధరకు పోయింది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే మంచిదేనన్నట్టా?"

"వాళ్ళు మంచిదన్నరు."

"నువ్వు కాదంటివి."

"కాదన్న."

"ఎవలది నిజం?"

"తెల్వది బిడ్డా. అంచు చూస్తే తెలుస్తది. అంచు డబ్బీల మునిగింది."

ఆమె చేతిలో మిగిలిన గడ్డి కింద పడేసింది. "తెల్వదా? గప్పుడు తెలిసినట్టే చెప్తివి గద! నేను అననే అంటి, మా అత్త మెడల ఎన్నడు ఎయ్యలే అని. ఇన్నవా? నీకు తెల్వది అంటివి. సరే, నాకు తెల్వది. మరి నీకు తెలుసా?"

ఆయన తల దించుకున్నారు. "తెలుసనుకున్న."

"మా ఆయనకు ఫోన్ల చెప్పిన, బిళ్ళ దెబ్బతిన్నదట అని. మా అమ్మ దాచినప్పుడు మంచిగనే ఉండె, నువ్వే ఏడనో పాడు జేసినవన్నడు. నెల రోజులు నాతోని సక్కగ మాట్లాడలే. గది ఎవలు తిప్పిస్తరు నాకు?"

కట్టేసిన బర్రె తల విదిలించింది. నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది. ఆయన మాత్రం అడిగారు. "నీ మొగడు ఫోన్ ఎప్పుడు చేస్తడు?"

"తినే టైముకు చేస్తడు. ఇంకో రెండు గంటలైతది."

"అయితే కూసుంట."

కూర్చున్నారు. రెండు గంటలు. ఆమె పని ఆమె చేసుకుంది. పేడ ఎత్తింది, నీళ్ళు మోసింది. మమ్మల్ని అన్నం తినమనలేదు. ఫోన్ మోగినప్పుడు ఆయన చెయ్యి చాపారు. ఆమె ఒక క్షణం తటపటాయించి ఇచ్చింది.

"బిడ్డా, నేను నస్పూర్ నుంచి. మీ అమ్మ బిళ్ళను దెబ్బతిన్నదని చెప్పింది నేను. నీ పెండ్లాం ఏం పాడు జెయ్యలే. మెడల ఎయ్యలేదన్నా నేనే ఇనలే. నా మాట మీద అమ్మింది. అనాలంటే నన్ను అను." అవతల నుంచి ఏం వినిపించిందో నాకు తెలియదు. చాలాసేపు వింటూ ఉండిపోయారు. మధ్యమధ్యలో "అవును" అన్నారు. నాలుగైదు సార్లు అన్నారు. తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

ఆమె మాట్లాడి వచ్చాక ఆయన జేబులోంచి డబ్బీ తీసి మంచం మీద పెట్టారు. తన అష్రఫీ. రెండుసార్లు గ్రేడింగ్‌కు వెళ్ళొచ్చినది.

"ఇది నువ్వుంచుకో."

ఆమె తీసి చూసింది. "దీనికెంత వచ్చింది?"

"ఒకపారి యాభై ఎనిమిది. ఒకపారి అరవై ఒకటి."

"ఏది నిజం?"

"యాభై అయిదు" అన్నారాయన. అనేసి, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయారు. "నేను గట్ల అనుకున్న."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వద్దంటుందని నేననుకున్నాను. అనలేదు. "నేను అడుక్కుంటలే కాకా. నువ్వు పెట్టినవు, నేను తీసుకుంటున్న" అని డబ్బీని కొంగున ముడేసుకుంది. వచ్చేటప్పుడు సీసాలో మజ్జిగ పోసిచ్చింది.

బస్సులో ఆయన నిద్రపోయారు. నోరు తెరుచుకుని, తల కిటికీకి కొట్టుకుంటున్నా లేవకుండా. నా సంచీ మడిచి తల కింద పెట్టాను.

తర్వాత కవర్లు రాలేదు. నాణేలు పట్టుకొచ్చినవాళ్ళకు, "నాకు తెల్వది, ఆఫీసుకు పంపుకోండ్రి" అనేవారు. ముసలాయనకు పొగరెక్కిందని కొందరు, చూపు పోయిందని కొందరు అనుకున్నారు. పోస్టాఫీసుకు మాత్రం వచ్చేవారు. ఏ పనీ లేకుండా వరండాలో కాసేపు నిలబడి, "ఫికర్ లేకుంట ఉంటున్న బిడ్డా ఇప్పుడు" అని వెళ్ళిపోయేవారు. ఆ మాట చెప్పే గొంతులో ఫికర్ లేని మనిషి కనిపించేవాడు కాదు. నాకు కరీంనగర్ బదిలీ అయింది. చేస్తా చేస్తా అనుకుంటూనే ఆయనకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు.

ఇప్పుడు ఆయన లేరని తెలిశాక ఖానాపూర్ ఆమెకు ఫోన్ చేశాను. ఆమెకు తమ్ముడి ద్వారా అప్పుడే తెలిసిందట. "అక్కా, ఒక మాట చెప్పాలె. ఎవలకు చెప్పలే" అంది.

మేం వెళ్ళొచ్చిన ఆరు నెలలకు, ఒక పెళ్ళిలో, వాళ్ళత్తకు అక్కయ్యే ముసలామె కలిసిందట. మాటల్లో బిళ్ళ సంగతి వచ్చిందట. "గది మా అవ్వ మెడల ఉండె. అవ్వ పోయినంక రింగు తీపిచ్చి చెల్లెకిచ్చిన్రు" అందట ఆ ముసలామె.

"ఆయన మాటనే నిజం అక్కా. మా అత్తకు ముందటి సంగతి. నాకేం తెలుసు? గప్పటికే ఆయన బిళ్ళ అమ్మి రెండో బర్రెను తెచ్చిన. చెప్తే తిప్పి ఇయ్యాలె గద. ఏడికెళ్ళి తెద్దును? ఆ తర్వాత రెండుసార్లు వచ్చిండు. అరుగు మీద కూసోని మజ్జిగ తాగి పోయిండు. నోటి దాక వచ్చింది. చెప్పలే."

ఆమెను ఏమీ అనాలనిపించలేదు. అనడానికి నేనెవరిని? "రేపు ఆదివారం నస్పూర్ పోదామా?" అన్నాను.

సారు భార్యను నేనెప్పుడూ చూడలేదు. పొట్టిగా, గట్టిగా ఉంది. ఆయన ఫోటో ముందు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఖానాపూర్ ఆమె చాయ్ ముట్టకుండా మొత్తం చెప్పింది. బిళ్ళ, ముసలామె మాట, బర్రె, చెప్పకుండా దాచింది, అన్నీ. చెబుతూ ఏడ్చింది.

"మూడుండాలె, రెండే ఉన్నయేంది అంటే, చూడనీకి ఇచ్చిన అన్నడు నాతోని" అంది సారు భార్య. "నా మెడల గొలుసు సన్నదాయె. ఈయన బిళ్ళలు పంచుకుంట తిరిగిండు."

ఖానాపూర్ ఆమె ఇంకా తల దించుకుంది. "నేను చెప్పకపోతిని అమ్మా. చెప్తే ఆయన పానం జర నిమ్మళమయ్యేదేమో."

"ఏం నిమ్మళం?" సారు భార్య ఖాళీ కప్పులు తీస్తూ లేచింది. "తనదే నిజమని తెలిస్తే ఈయన ఊకుండేటోడా? తెల్లారి మొదటి బస్సుకే కరీంనగర్ పోయేటోడు. గా అరవై మూడు కొన్నాయనను పట్టుకొని, నీ బిళ్ళ తప్పు అని వాని పానం తీసేటోడు. వాడేం చేసిండు పాపం? నువ్వు చెప్పకుంటెనే గా రెండేండ్లన్న ఇంటిపట్టున ఉన్నడు. నాతోని కూసోని రెండు మాటలు మాట్లాడిండు."

వంటింటి గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి అడిగింది.

"రెండో బర్రె ఎన్ని పాలిస్తది?"

"పూటకు మూడు లీటర్లు అమ్మా."

"అయితే మంచిదే తెచ్చినవు" అని లోపలికి వెళ్ళి, మా ఇద్దరికీ అన్నం పెట్టడానికి కంచాలు కడగసాగింది.